మేస్త్రీ కొయ్యని అడ్డరాళ్లు

మా తామ్వే పేట మేస్త్రీ శనివారం సాయంత్రం టీ తాగుతూ కూర్చున్నచోటనే పోయారు. ఆదివారం చర్చికి బయల్దేరుతుంటే మనవరాలు చెప్పింది. "తప్పుగా విన్నావు. ఆయన మూడింటికి మనింటికి వస్తున్నారు" అని దాన్ని కసిరాను. రెండు కప్పులు అప్పటికే కడిగి బోర్లించాను. ఇప్పటికీ మూడయితే గేటు వైపు చూస్తున్నాను.

ఆయన కట్టిన ఇటుక గోడలు మీలో చాలామంది ఇళ్లకు ఉన్నాయి. ఏ గోడ పక్కన నడిచినా, ఎవరిదైనా సరే, అరచేత్తో ఒకసారి తట్టి వెళ్లేవారు. పని మానేశాక పాన్సోడాన్ వీధి పాత పుస్తకాల బల్ల మీద ఒక ఇంగ్లిషు పుస్తకం కొన్నారు. చదవడం రాదు; బొమ్మలూ కొలతలూ చాలన్నారు. అందులో ఇంగ్లండు పల్లెలోని పాతకాలపు రైతు ఇల్లు ఒకటి ఉంది, మొత్తం రాతిది. అడుగుకు అంగుళం చొప్పున ఆ ఇంటి నమూనాను తన ఇంట్లో బల్ల మీద కట్టసాగారు. రాతిముక్కలు ఉలితో చెక్కి, సున్నంతో అతికించేవారు. గోడకు రెండు వరసలు, అక్కడక్కడా రెండింటినీ కలుపుతూ ఒక పొడవాటి అడ్డరాయి.

"ఇది పైకి కనబడదు సయామా. ఇది లేకపోతే రెండు వరసలూ దేని దారి దానిదే."

బడిలో లెక్కలు చెప్పినదాన్ని కనుక ఇక్కడివాళ్ల భాషలో నన్ను సయామా, అంటే టీచరమ్మా, అనేవారు. ఒకరోజు ముందుగోడకు స్కేలు పెట్టాను. రెండంగుళాలు.

"రెండడుగుల గోడా? ఇల్లా, కోటా? లెక్క తప్పారు."

"పుస్తకంలో అలాగే ఉంది సయామా."

"అచ్చుతప్పు."

ఆయన నవ్వారు. "మీరు మార్కులెయ్యకపోతే నానేటి సేస్తాను? తీసేస్తాను." మరుసటి వారానికి ముందుగోడ బయటి వరస లేదు.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, గురువారం, ఆ పుస్తకం తెచ్చుకుని భూతద్దంతో చదివాను. రెండడుగులే. వంకర రాళ్లు ఒకదాన్నొకటి పట్టుకోవాలన్నా, చలిగాలి ఆగాలన్నా అంత మందం కావాలట. కిటికీ గట్టు మీద మనిషి కూర్చోవచ్చునట. చదవకుండా తీర్పు చెప్పాను. ఆ మాట ఒప్పుకోవడానికే ఆయన్ని ఆదివారం రమ్మన్నాను.

సమాధుల తోట నుంచి వాళ్లింటికి తిరిగొచ్చాక ఆయన భార్య ఒక పాలడబ్బా నా ఒళ్లో పెట్టింది. నిండా రాతిముక్కలు, ఒక్కోదాని వెనక పెన్సిలుతో అంకె.

"పారేయబోతే తిట్టినాడు. సయామా పుస్తకం సదవకుండా ఉండదు, సదివినాక మళ్లీ పెట్టుకుందాం అన్నాడు."

లేచి బల్ల దగ్గరికి వెళ్లాను. బయటి వరస ఊడదీసిన గోడలోంచి అడ్డరాళ్లు ముందుకు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆయన ఒక్కటీ కొయ్యలేదు.