బరువులు విప్పింది నేనే

పెద్దచెరువు కింది పొలంలో ట్రాక్టర్ తిరగబడింది, లేపడానికి రమ్మని పోలీసులు ఫోన్ చేశారు. ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన నాది ట్రాక్టర్ల రిపేరు షెడ్డు. తాగుతున్న చాయ్ వదిలేసి, గొలుసులూ జాకీలూ వేసుకుని పోయాను.

నాట్లకు ముందు మడిని బురదగా కలిపే కరిగెట పని. డ్రైవర్ ఒక్కడే చేస్తున్నాడు. ఒకవైపు ప్లాట్ల వెంచర్ వాళ్లు పాతిన హద్దురాళ్లు, ఇంకోవైపు చెరువు. కేకేస్తే పలికే మనిషి లేడు. బండి లేపి, దాని కింద నలిగి చనిపోయిన ఆయన్ని బయటికి తీసేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. ఆయన భార్య గట్టు మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

హెడ్ కానిస్టేబుల్ పంచనామా రాసి, సాక్షి సంతకం పెట్టమని నా చేతికిచ్చాడు. చదివాను. ‘మద్యం మత్తులో అజాగ్రత్తగా నడిపి’ అని ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

“తాగిండని ఎవలు జెప్పిన్రు సార్?”

బండి ఓనర్ ముందుకొచ్చి గట్టు పక్కన సీసా చూపించాడు. “గదేంది మరి? కండ్లు కనవడ్తలేవా?”

“గా సీసా మీది కాయిదం ఎండకు తెల్లవడ్డది. ఎన్నటిదో ఏమో! పోస్టుమార్టం గాకముందే నీకెట్ల దెల్సింది?”

“నీకెందుకు? బండి లేపినవ్ గదా, సంతకం వెట్టి పో.”

పోయినాయన దేవుడేం కాదు. పండగపూట నా పక్కనే కూర్చుని తాగేవాడు. కానీ స్టీరింగ్ పట్టిన రోజు చుక్క ముట్టడు. ఇప్పుడు ఆ మాట కాగితం మీదికెక్కితే, ఆయన పిల్లలు బతికినన్నాళ్లూ తాగి చచ్చినోడి పిల్లలే. చేతిలో పానా ఉంది, ఓనర్ మీదికి విసరనందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

వెనక చక్రాలకు మొద్దు కట్టి ఉంది. బండి బురదలో దిగబడితే అందరూ చేసే పనే అది. మొద్దును చక్రాలకు అడ్డంగా కట్టి క్లచ్ వదిలితే బండి దాని మీదికెక్కి బయటపడుతుంది. ఒక్కోసారి ఆ ఊపుకు ముందు భాగం లేచి, బండి వెనక్కి తిరగబడుతుంది. అందుకే ముందు బంపర్‌కు ఇనుప బరువులుంటాయి. ఈ బండికి లేవు.

ఎందుకు లేవో అక్కడ ఇద్దరికే తెలుసు. వారం కింద ఓనర్ తనే బండి నా షెడ్డుకు తెచ్చి, “ముంగట బరువుకు బురదల దిగవడ్తుంది, తీసెయ్” అన్నాడు. మంచిది కాదని తెలిసీ, గిరాకీ పోతుందని తీసేశాను. అవి ఉంటే ఆయన బతికేవాడని ఒట్టేయను. కానీ బండి అంత తేలిగ్గా లేచేది కాదు.

నోరు మూసుకుని సంతకం పెడితే నేను క్షేమం. కాగితం హెడ్‌కు తిరిగిచ్చాను.

“సార్, రాసుకోండ్రి. ముంగట బరువులు లేవు. ఓనర్ ఇప్పమన్నడు. ఇప్పింది నేనే.”

ఓనర్ పళ్లు కొరికాడు. “పిచ్చి లేసిందా నీకు? నువ్వు గూడ ఇర్కుతవ్!”

“ఇర్కనీ! షెడ్డు మూయిస్తవా, మూయించుపో. తాగిండన్న మాట కొట్టేసేదాంక నేను సంతకం వెట్ట.”

హెడ్ నన్ను ఎగాదిగా చూశాడు. “జర సోంచాయించుకో. కేసు నీ మీద గూడ వడ్తది.”

“పడనీ సార్. రాయుండ్రి.”

ఆయన పెన్ను తీశాడు. ఆ లైను కొట్టేసి నేను చెప్పింది రాశాడు. సిగ్గు విడిచి చెబుతున్నా, అప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ఓనర్ వైపు మీసం తిప్పినంత పని చేశాను.

గట్టు మీది నుంచి ఆమె లేచి నా దగ్గరికొచ్చింది.

“అన్నా, బరువులు ఇప్పినంక మొద్దు కట్టద్దని ఆయనకు ఒక్కమాటన్న జెప్పినవా?”

ఆ వారంలో ఆయన రెండుసార్లు నా షెడ్డు ముందు ఆగాడు. చాయ్ తాగాం, నవ్వుకున్నాం.

“లేదు చెల్లె.”

“గది గూడ రాయించు.”

రాయించాను. ఆమె చూస్తుండగా కింద సంతకం పెట్టాను.