అప్పజెప్పినవాళ్లకే కళ్లజోడు

ముప్ఫయ్యేళ్లుగా నేను మనుషుల్ని అడుగుతున్నది ఒకటే ప్రశ్న. "ఇది బాగుందా? ఇది బాగుందా?" సికింద్రాబాద్ ప్యాట్నీ దగ్గర ఒక కళ్లజోళ్ల దుకాణంలో, వెనక చీకటి గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల ముక్కు మీద ట్రయల్ ఫ్రేమ్ పెట్టి, అద్దాలు మార్చి మార్చి అదే అడుగుతాను. సాయంత్రానికి నా గొంతంటే నాకే విసుగొస్తుంది. ఇంటికొచ్చాక కూరలో ఉప్పు గురించి కూడా అలాగే అడుగుతానని మా ఆయన వెక్కిరిస్తాడు. నవ్వే ఓపిక పోయి చాలా కాలమైంది.

అందుకే మా పాస్టరుగారు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను గుమ్మం దగ్గర ఆపి, "సిస్టర్, ఈసారి ఇథియోపియా టీములో మీరుండాలి. పది రోజులే. కళ్ల క్యాంపు పెడదాం" అన్నప్పుడు నేనేమీ ఎగిరి గంతెయ్యలేదు. రోజూ అల్వాల్ నుంచి బస్సులో నిలబడి వెళ్లి అడిగే ప్రశ్ననే, ఇప్పుడు విమానమెక్కి వెళ్లి అడగాలా అనిపించింది. కాదనడానికి నోరు రాలేదు. మా సంఘంలో పాస్టరుగారు "ప్రార్థించి చెప్పండి" అన్నారంటే ఒప్పుకోమని అర్థం. నేను ప్రార్థించకుండానే ఒప్పుకున్నాను.

కార్డు ఆలోచన ఆయనదే. దగ్గరి చూపు చూడటానికి దుకాణంలో ఒక అట్ట ఉంటుంది. పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయేకొద్దీ చిన్నవి. ఏ అద్దంతో చివరి వరస చదవగలిగితే అదే వాళ్ల చత్వారం పవరు. అక్కడివాళ్లకు తెలుగూ ఇంగ్లీషూ పనికిరావు కనుక వాళ్ల భాషలో కార్డు వేయించాలి. "ఏవో మాటలెందుకు సిస్టర్, బైబిల్లో ఇరవైమూడో కీర్తన వేయిద్దాం. చూపు చూసినట్టూ ఉంటుంది, వాక్యం అందినట్టూ ఉంటుంది" అన్నారు. నాకూ నచ్చింది. సండేస్కూలు పిల్లల్లో కూడా నోటికి రానివాళ్లు ఉండని కీర్తన అది. ఆ నోటికి రావడం దగ్గరే నేను ఆగి ఆలోచించాల్సింది. ఇంత సర్వీసున్నదాన్ని, ఆలోచించలేదు. పైగా ప్రెస్సుకు రెండుసార్లు వెళ్లి అక్షరాల సైజులు దగ్గరుండి సరిచేయించాను. కార్డు వెనకవైపు మా సంఘం పేరు, సికింద్రాబాద్ అడ్రసు తెలుగులో వేయించారు.

టీములో పాస్టరుగారూ నేనూ కాక బీపీ, షుగరు చూడటానికి నేరేడ్‌మెట్ నుంచి ఒక నర్సమ్మాయి వచ్చింది. అక్కడ మాకు దుబాసీగా, మొదట క్యాంపు పెట్టిన ఊరి స్కూలు మాస్టారు ఒకాయన కలిశారు. సన్నగా, మర్యాదగా, పాత కోటు వేసుకుని ఉండేవారు. మేం ఇంగ్లీషులో చెబితే ఆయన వాళ్ల భాషలో చెప్పేవారు. ఆ అక్షరాలు నాకు ఒక్కటీ తెలియవు. చిన్న చిన్న పీటలు, ముక్కాలిపీటలు వరసగా పేర్చినట్టుంటాయి.

మొదటి రెండు రోజులు కొండ మీది ఊళ్లో, రేకుల కప్పున్న గుడిలో క్యాంపు. పొద్దున్న తలుపు తీసేసరికే లైను కట్టేశారు. కొందరు చదివి బయటికి వెళ్లేసరికి, చలికి తెల్లటి నూలు దుప్పట్లు కప్పుకున్న లైనంతా పెదవులు కదుపుతూ గొణుక్కోవడం మొదలుపెట్టింది; కార్డు మీది కీర్తనే అన్నారు మాస్టారు. ఎంత భక్తి అనుకున్నాను. పాస్టరుగారు ఫోన్లో వీడియో తీసి సంఘం గ్రూపులో పెట్టారు. నేను కుర్చీలో కూర్చుని కార్డు చేతికిచ్చేదాన్ని. ముందుగా అన్నిటికన్నా తక్కువ అద్దం, ప్లస్ వన్, పెట్టేదాన్ని. అంతే, మొదటి వరస నుంచి చివరి వరస దాకా గడగడా చదివేసేవాళ్లు. నేను మాస్టారి వంక చూస్తే ఆయన తప్పుల్లేవన్నట్టు తలూపేవారు. అరవై ఏళ్లవాళ్లకు కూడా ప్లస్ వన్ చాలింది. పెద్ద పవరు పెట్టెలు కట్టు విప్పకుండానే ఉండిపోయాయి.

"ఈళ్ల కండ్లు ఎంత గట్టిగున్నయ్ అక్కా! మన తాన నలభై దాటితే సూది బెజ్జం సుత కనవడది" అంది నర్సమ్మాయి.

"గాలి మంచిది, నీళ్లు మంచివి" అన్నాను నేను, ఏదో తెలిసినదానిలా.

మొదటి రోజు మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. నా ఈడే ఉంటుంది. తెల్లబట్టల అంచుల మీద రంగుదారాలతో కుట్టుపని చేస్తుందని మాస్టారు చెప్పారు. పండక్కి కుట్టి ఇచ్చిన బట్టలో గళ్ల లెక్క తప్పిందని వెనక్కి తిప్పి పంపారట. ఇప్పుడు చేతిలో ఉన్నది కూడా తప్పితే ఇక పని వేరేవాళ్లకు ఇస్తామన్నారట. ఆవిడకు తెలిసిన పని అదొక్కటే. నేను ప్లస్ వన్ పెట్టాను. కార్డు చివరిదాకా చదివింది. కళ్లజోడు చేతికిచ్చి తరువాతి మనిషిని పిలవబోతుంటే ఆవిడ కదలలేదు. సంచిలోంచి బట్టముక్కా సూదీ తీసి, కళ్లజోడు పెట్టుకుని ఒకసారి ప్రయత్నించి, తల అడ్డంగా ఊపింది.

"సరిగా కనిపించడం లేదంటోంది" అన్నారు మాస్టారు.

నా నడుము అప్పటికే పట్టేసింది. లైను గుమ్మం దాటి రోడ్డు దాకా ఉంది. "ఇప్పుడేగా అంతా చదివింది? రెండు రోజుల్లో అలవాటైపోతుందని చెప్పండి" అన్నాను. సికింద్రాబాదులో ఆ మాట ఎన్ని వందలమందికి చెప్పి ఉంటానో. మాస్టారు చెప్పారు. ఆవిడ రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని, తల వంచి వెళ్లిపోయింది. నాకు ప్లస్ రెండున్నర. నా ఈడు మనిషికి ఒకటితో ఎలా సరిపోయిందని నాకు అనుమానం రావద్దూ? రాలేదు. లైను తొందరగా కదులుతోందని సంతోషించాను.

మూడో రోజు అక్కణ్ణుంచి మూడు గంటల దూరంలో ఇంకో ఊరికి మారాం. నాలుగో రోజు మధ్యాహ్నం, నిద్రా ఆకలీ కలిసి నా కళ్లే మూతలు పడుతుంటే, ఒక ముసలమ్మకు కార్డు తిరగేసి ఇచ్చాను. ఆమె ముందున్నది మా సంఘం పేరూ అడ్రసూ. తెలుగులో. ఆమె ఆ కార్డు కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో ఒక్కో వరసా చూపిస్తూ, కీర్తన మొత్తం చదివింది. పిన్‌కోడ్ దగ్గర ఆమేన్ అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు నోటిదాకా రాకముందే సంగతి అర్థమైంది. కార్డు ఆమె చేతిలోంచి తీసుకుని మాస్టారికి చూపించాను. "ఈమె చదవడం లేదు. నోటికొచ్చింది చెబుతోంది."

"అవునండీ" అన్నారాయన.

"అవునా? అందరూ ఇంతేనా?"

"తప్పు లేకుండా అప్పజెప్పినవాళ్లకే కళ్లజోడు ఇస్తారని ఊళ్లో అనుకుంటున్నారు. రానివాళ్లు లైనులో నిలబడి నేర్చుకుంటున్నారు. మీ కార్డు మీద ఆ కీర్తన ఉంది కదా, మీ సంఘం పద్ధతి అదేమో అనుకున్నాను." ఆయన ముఖంలో దాపరికమేమీ లేదు. నేను తలూపమన్నట్టు చూశాను, తప్పుల్లేవు కనుక ఆయన తలూపారు. చూపు మాట ఆయన్ను నేనెప్పుడూ అడగలేదు.

ఆ గొణుగుడు భక్తి కాదు. పరీక్షకు ముందు పిల్లలు చదువుకోవడం. దాన్నే మేం వీడియో తీసి పెట్టుకున్నాం.

కార్డులన్నీ సంచిలో కుక్కేశాను. నా హ్యాండుబ్యాగులో ఎప్పుడూ ఉండే సూదీ దారం బయటికి తీశాను. కీర్తన వద్దు, దారం ఎక్కించమని చెప్పండి అన్నాను. ముసలమ్మకు ప్లస్ త్రీ పట్టింది. ఆ ఊళ్లో ముందురోజు వచ్చినవాళ్లను కూడా పిలిపించి, పొద్దుగూకేదాకా మళ్లీ చూశాను. కొండ ఊరి కుట్టుపని ఆవిడ సూది పట్టుకుని నా ముందే నిలబడిన సంగతి దారం ఎక్కించిన ప్రతిసారీ గుర్తొచ్చింది. సరైన పరీక్ష ఏదో ఆవిడే నాకు చూపించింది. నేను వినలేదు.

రాత్రి భోజనాల దగ్గర వెనక్కి వెళ్లాలన్నాను. పులిసిన అట్టులాంటి ఆ ఊరి రొట్టె ముందు పెట్టుకుని పాస్టరుగారు తినలేక కూర్చున్నారు. రెండు రోజులుగా ఆయనకు కడుపులో బాగాలేదు.

"సిస్టర్, రేపూ ఎల్లుండీ మూడో ఊళ్లో చెప్పేశాం. అక్కడ జనం ఎదురుచూస్తుంటారు. అయినా ఎంతో కొంత పవరుంది కదా, అసలు లేనిదానికన్నా నయమేగా?"

"ఊరికే పంచితే నయమేనండీ. మనం పరీక్ష చేసి, సరిపోయిందని చెప్పి ఇచ్చాం. ఇంకెక్కడా చూపించుకోరు వాళ్లు."

"వచ్చే ఏడు టీము వస్తుంది కదా. అప్పుడు..."

"ఆవిడ చేతిలో బట్ట వచ్చే ఏటిదాకా ఆగదండీ" అన్నాను. నా గొంతు లేచింది. పాస్టరుగారి ముందు గొంతు లేపడం నాకదే మొదలు.

నర్సమ్మాయి రొట్టె పక్కన పెట్టి, "పాస్టరుగారూ, నేను బీపీ తప్పు చూసిననుకోండ్రి, మళ్ల చూడనా? అక్కను పోనియ్యుండ్రి. జెర సేపు నేను సంభాళిస్తా" అంది. ఆయన మధ్యాహ్నానికల్లా తిరిగి రావాలన్నారు. ఆయన మీద కోపం నిలవలేదు. మనిషి నాకన్నా అలిసిపోయి ఉన్నాడు.

తెల్లారకుండానే మాస్టారితో జీపులో బయల్దేరాను. కొండ ఊరికి చేరేసరికి గుడికి తాళం. ఆరోజు పక్క ఊళ్లో సంతట, జనం అటే పోయారట. మాస్టారు నన్ను కుట్టుపని ఆవిడ ఇంటికి తీసుకెళ్లారు. గుమ్మంలో వెలుతురుకు కూర్చుని ఉంది. ముక్కు మీద నేనిచ్చిన కళ్లజోడు. నన్ను చూడగానే గబుక్కున లేచి, దుప్పటి సర్దుకుని, చేతులు కట్టుకుని, కీర్తన మొదలుపెట్టింది.

"వద్దమ్మా, వద్దు" అన్నాను తెలుగులోనే. ఆవిడ టక్కున ఆగిపోయింది. ముఖం పాలిపోయింది. మాస్టారిని ఏదో అడిగింది.

"ఏమంటోంది?"

"ఏ మాట తప్పు చెప్పానని అడుగుతోంది. ఆరోజు ఎక్కడో ఒక మాట తప్పు చెప్పాననీ, అందుకే తనకు కనిపించడం లేదనీ అనుకుందట. నాలుగు రోజులుగా పొద్దునా సాయంత్రం సరిచేసుకుంటూ చెప్పుకుని, కళ్లజోడు పెట్టుకుని చూస్తోందట."

నేను ఆ గుమ్మంలోనే ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. పెట్టె తెరిచి, ఆవిడ ముక్కు మీది ప్లస్ వన్ తీసేసి, రెండున్నర పెట్టి, సూది అందించాను. ఒక్కసారికే దారం ఎక్కింది. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఒళ్లోని బట్ట తీసి చూసుకుంది. ఈ నాలుగు రోజుల కుట్టూ గళ్లు తప్పి వంకరగా పోయింది. కూర్చుని, కత్తెర మొనతో కుట్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"తప్పు నాదని చెప్పండి. ఆమెది కాదు, కీర్తనదీ కాదు. నేనిచ్చిన అద్దం తప్పు" అన్నాను.

మాస్టారు సందేహించారు. "చెబుతాను. నమ్ముతుందో లేదో. అంత దూరం నుంచి దేవుని పని మీద వచ్చినవాళ్లు మీరు."

ఆయన చెప్పారు. ఆవిడ నా వైపు చూసి, మర్యాదగా తలూపి, మళ్లీ కుట్లు విప్పుకుంది. నమ్మినట్టు నాకనిపించలేదు.

సంతకు పోనివాళ్లు ఓ పదిమంది దాకా వచ్చారు. వాళ్లకు మార్చి ఇచ్చాను. మిగతావాళ్ల కోసం పెట్టె మాస్టారి ఇంట్లో వదిలి, సూదితో ఎలా చూడాలో ఆయనకు నేర్పించి, ఇద్దరం జీపెక్కాం. మధ్యాహ్నం మాట తప్పకుండా తిరిగి వచ్చాను.

సికింద్రాబాద్ వచ్చిన ఆదివారమే సంఘం ముందు నిలబడి, అక్కడ దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. కార్డు, పిన్‌కోడ్, కుట్టుపని ఆవిడ, అన్నీ. పిన్‌కోడ్ దగ్గర నవ్వారు. చివర్లో చప్పట్లు కొట్టారు. సిస్టర్ తనను తాను ఎంత తగ్గించుకున్నారో చూడండి అన్నారు పాస్టరుగారు. బయట చెప్పుల దగ్గర ఇద్దరు ముగ్గురు నా చెయ్యి పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. తప్పు ఒప్పుకోవడానికి నిలబడితే అది కూడా నా మంచితనం కిందే జమైపోయింది. ఇంటికెళ్లి, తినకుండా పడుకున్నాను.

మాస్టారు అప్పుడప్పుడూ వాట్సాప్‌లో వందనాలు పెడతారు. ప్రతిసారీ పెట్టె సంగతి అడుగుతాను. మొన్న కూడా అడిగాను. ఆరోజు సంతకు వెళ్లి మార్చుకోలేకపోయినవాళ్లలో ఒక్కరూ రాలేదట. ఇల్లిల్లూ తిరిగి ఆయన చెప్పి చూశారట, అద్దం మార్చుకోండి, తప్పు అద్దానిది అని. వద్దన్నారట. అద్దానికేం, బాగానే ఉంది, మాకే ఇంకా ఎక్కడో ఒక మాట తప్పుతోంది, రోజూ చెప్పుకుంటున్నాం అన్నారట.