తిన్నవా అని అడిగిన ఎనిమిది రోజులు

ఈ మాట ఇన్నేళ్లుగా నా గొంతులో ముల్లులా ఉంది. మింగుడుపడదు, బయటికి రాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్తున్నాను. మా వాళ్లకు చెప్పే ధైర్యం లేదు.

పదిహేనేళ్ల కిందట మేం హాలియాలో ఉండేవాళ్లం. మా ఆయన రైస్ మిల్లులో మేస్త్రీ. నోరు తెరిస్తే తిట్టు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. ఆయనకు రక్తంలో క్యాన్సర్ వచ్చింది. పట్నం దవాఖానలో కొత్త సూది మొదలుపెట్టారు. రోగం మీదికి ఒంటినే ఉసిగొల్పే మందట. ఆ మందు నడుస్తుండగా ఎక్కడో ఒకరికి మెదడుకు వైరస్ సోకుతుందనీ, మాటలో, మనిషిలో తేడా కనిపిస్తే ఆ రోజే తీసుకురావాలనీ డాక్టర్ నాకే చెప్పారు.

మూడో నెలలో తేడా వచ్చింది. ఒక పొద్దున ఆయన నన్ను పేరు పెట్టి పిలిచాడు. తిన్నవా, అన్నాడు. నా చేతిలో చెంబు జారిపోయింది. కాసేపటికి మళ్లీ అడిగాడు. చాయ్‌లో ఉప్పు వేసుకుని తాగాడు. అంగీ తిరగేసి తొడుక్కున్నాడు, నేను సరిచేస్తుంటే నవ్వాడు. అది రోగమని నాకు తెలియలేదా? అయ్యో, తెలిసింది. తెలిసే, పూటకు పదిసార్లు అడిగితే పదిసార్లూ జవాబు చెప్పాను, ఆ మాట మళ్లీ వినాలని పని వదిలేసి మరీ ఎదురుగా వెళ్లి కూర్చున్నాను.

ఐదో రోజు సూది కోసం పట్నం వెళ్లాం.

"మనిషిల ఏమన్న మార్పు కనబడ్డదా అమ్మా?" అని డాక్టర్ నన్ను అడిగారు.

"ఏం లేదు సార్. మంచిగనే ఉన్నడు."

మా ఆయన నా పక్కనే కూర్చుని నా కొంగు అంచు వేలికి చుట్టుకుంటున్నాడు.

ఎందుకన్నాను ఆ మాట? చెబితే వైద్యం చేస్తారు. నయమైతే పాత మనిషి తిరిగొస్తాడు. ఆ మనిషి నాకు వద్దు. అంతే. భయపడ్డాననీ, చదువు లేనిదాన్ననీ ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నవన్నీ అబద్ధాలు.

ఎనిమిదో రోజు ఫిట్స్ వచ్చాయి. మళ్లీ పట్నం తీసుకుపోయాం. నాలుగు రోజులకు పోయాడు. ముందే తెలిసుంటే మందు ఉండేదనీ, పాపం నీకెట్లా తెలుస్తుందిలే అనీ డాక్టరే నన్ను ఓదార్చారు. నేను తలూపాను. మొగణ్ణి కంటికి రెప్పలా చూసుకుందని మా అత్తమ్మ బతికినన్నాళ్లూ నా గురించి ఊరంతా చెప్పింది. దానికీ తలూపాను.

ఆ డాక్టర్ ఈ రోజు మళ్లీ అడిగితే నిజం చెప్తానా? చెప్తాననే రాయాలని కలం పట్టుకుని పొద్దుటి నుంచి కూర్చున్నాను. చేయి కదలలేదు. దాచానని మాత్రం రాశాను. ఇక లేస్తాను. ఇంకా తినలేదు. అడిగేవాళ్లు లేరు, నేనే వడ్డించుకుంటాను.