నర్మెట్ట బస్సు వదిలేసిన మనిషి

పావుగంటలో ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందనగా, జనగామ బస్టాండులో నా లాప్‌టాప్ మొండికేసింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి, నేను అడక్కుండానే సలహా ఇచ్చాడు.

"గంత పరేషాన్ ఎందుకు తమ్మీ? ఒక్కసారి బంద్ చేసి, మల్ల చాలు చెయ్."

చేశాను. వెంటనే అప్‌డేట్ మొదలై, ఒక శాతం దగ్గర స్థిరనివాసం ఏర్పరచుకుంది.

"ఏమంటాంది?"

"ఆపొద్దంటాందన్నా."

అంతలో ఆయన ఎక్కాల్సిన నర్మెట్ట బస్సు వచ్చింది. ఆయన లేవలేదు.

"నీ ఫోన్ల మాట్లాడు. నేను పట్టుకుంటగని."

ఇంటర్వ్యూ అయ్యేదాకా ఫోనును దేవుడి పటంలా రెండు చేతులతో నా ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. నా ప్రతి జవాబుకూ తల ఊపాడు. అవతలివాళ్లు ఊపలేదు.

ఆ ఉద్యోగం రాలేదు. ఇప్పుడు నేనెవరికైనా అదే సలహా ఇస్తే, తెర మళ్లీ వెలిగేదాకా అక్కణ్ణుంచి లేవను.