ఎడ్లు ఎవరి మాటకు ఆగాయి?

దెయ్యాల మాట ఎత్తితే నేను నవ్వేదాన్ని. దేవుడి మాట ఎత్తితే నవ్వేదాన్ని కాదు, లేచి వెళ్లిపోయేదాన్ని.

నా చిన్నప్పుడు మా తమ్ముడికి అమ్మవారు పోసింది. జబ్బుకీ దేవతకీ మా దగ్గర ఒకటే పేరు. మా అమ్మ మొక్కని మొక్కు లేదు. తడిబట్టలతో పొర్లుదండాలు పెట్టింది. అయినా వాడు పోయాడు. అదే వీధిలో ఇంకో పిల్లాడు బతికితే తల్లి కరుణించిందని ఊరంతా చెప్పుకుంది. మా తమ్ముడి చావును మాత్రం ఎవరూ సాక్ష్యంగా తీసుకోలేదు. నాకు అప్పుడే మొక్కుల మీద నమ్మకం పోయింది.

ఇది చదివాక కూడా నన్ను భక్తురాలి కింద జమకట్టకండి. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

అరవైల్లో సంగతి. అనకాపల్లికి రెండు కోసుల దూరంలో ఉన్న ఊళ్లో నన్నిచ్చారు. చెరకు గానుగకి మాకింకా ఇంజను రాలేదు, ఎడ్లే తిప్పేవి. నిలువుగా తిరిగే ఇనప రోలర్ల మధ్య చెరకు గడలు పెట్టడం నా పని. ఎడ్లు తోలేది మా ఆయన.

ఆ రోజు పొద్దెక్కాక ఒక గడ చీలి అడ్డం పడింది. దాన్ని లోపలికి తొయ్యబోయాను. నా కుడిచేతి వేళ్లు రోలర్ల మధ్యకి వెళ్లిపోయాయి.

నోట్లోంచి అరుపు రాలేదు. ఈ మాట నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే నా కేకకి ఎడ్లు బెదిరి ఆగాయని అనుకోవడానికి తర్వాత నేనే చాలా ప్రయత్నించాను. కేక లేదు. మా ఆయన అవతలి వైపున ఉన్నాడు, ఏమీ చూడలేదు. ఎడ్లు రెండూ ఒక్కసారిగా నిలబడిపోయాయి. ఆయన విసుక్కుని కర్రతో కొట్టాడు. కదల్లేదు. మళ్లీ కొట్టాడు. దెబ్బలు తింటూ నిలబడ్డాయి గాని, అడుగు ముందుకు వెయ్యలేదు. అప్పుడు ఇటు వచ్చి నన్ను చూశాడు. గానుగ వెనక్కి తిప్పి చెయ్యి బయటికి తీశాడు.

పక్కింటివాళ్ల బండి కట్టి అనకాపల్లి ఆస్పత్రికి బయల్దేరాం. సగం దారిలో మా అత్త ఎదురొచ్చింది. తెల్లారగట్ల అమ్మవారి గుడికని అనకాపల్లి వెళ్లిన మనిషి. వెళ్తే సాయంత్రం గాని తిరిగి రాదు. అలాంటిది చెప్పులు చేత్తో పట్టుకుని, దాదాపు పరుగెత్తుకుంటూ వస్తోంది. నా చెయ్యి తువ్వాల్లో చుట్టి పైట కింద ఉంది. అయినా బండి చక్రం పట్టుకుని అడిగింది.

"కుడి సెయ్యేనా?"

మా ఆయన తలూపాడు. ఎలా తెలిసిందో అత్తే చెప్పింది. "గుళ్లో దండం పెట్టుకుంటన్నాను. నా కుడి సెయ్యి తిమ్మిరెక్కిపోనాది. ఈ పిల్ల కళ్ల ముందు కనిపించింది. నా కోడలి పాణం కాపాడు తల్లీ అని మొక్కేను. మరింక నిలబడలేకపోనాను."

మాకన్నా ముందు ఊళ్లోంచి ఎవరైనా సైకిలు మీద వెళ్లి చెప్పారేమోనని తర్వాత ఇల్లిల్లూ తిరిగి అడిగాను. ఎవరూ వెళ్లలేదు.

ఆస్పత్రిలో రెండు వేళ్లు తీసేశారు. ఇంకాస్త లోపలికి పోయుంటే చెయ్యే ఉండేది కాదన్నాడు డాక్టరు.

నేను ఇంటికొచ్చేసరికి ఎడ్ల కొమ్ములకి పసుపు రాసి ఉంది. అత్త మొక్కుకే ఎడ్లు ఆగాయని చుట్టుపక్కల ఊళ్లన్నీ చెప్పుకుంటున్నాయి. జనం రావడం మొదలైంది. వచ్చినవాళ్లకి నా చెయ్యి చూపించమనేది అత్త. కొన్నాళ్లు పళ్లు బిగబట్టి చూపించాను.

ఒకరోజు బుచ్చయ్యపేట వైపు నుంచి సన్నాసమ్మ అనే ఆవిడ చంటిపిల్లని ఎత్తుకొచ్చింది. పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోతోంది, ఫిట్స్ వస్తున్నాయి. "ఆస్పత్రికెల్లనమ్మా, నీ నోటి మాట సాలు," అని అత్త కాళ్లు పట్టుకుంది. వీధరుగు నిండా జనం.

అత్త నా వైపు చూసింది. "ఎడ్లెలాగ ఆగేయో సెప్పవే."

నేను కట్టు విప్పాను.

"ఎడ్లు ఆగేయి. అబద్ధం కాదు. ఎవరాపేరో నాకు తెల్దు. అమ్మోరే ఆపితే జానెడు ముందర ఆపొచ్చు కదా? ఎడ్లనాపిన తల్లికి నా వేళ్లు బరువైపోనాయేటి? ముందు పిల్లని డాక్టరుకి సూపించు."

"నోరు ముయ్యి," అన్నాడు మా ఆయన.

"ముయ్యను. మా తమ్ముడికీ మొక్కేరు. వాడి గురించి ఎవరూ ఇలాగ వచ్చి వినరేటి?"

 అత్త లేచి లోపలికి వెళ్లింది. ఇంక ఈ ఇంట్లో నాకు చోటు లేదనుకున్నాను. ఆమె మంచి చీర కట్టుకుని బయటికొచ్చి, సన్నాసమ్మ చేతుల్లోంచి పిల్లని తీసుకుంది.

"లే. ఆస్పత్రికి నానూ వత్తాను."

ఇంజెక్షన్లతో పిల్ల బతికింది. సన్నాసమ్మ అమ్మవారికి కోడిని ఇచ్చుకుంది. డాక్టరు పేరేమిటని కూడా అడగలేదు.

ఆ పిల్లని ఆస్పత్రిలో చేర్చి తిరిగొచ్చిన సాయంత్రం అత్త నన్ను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వింది. వేళ్లు పోయిన చేత్తో నేను దువ్వుకోలేకపోయేదాన్ని. చిక్కు తీస్తూ అంది.

"నువ్వు అందరి ముందూ అడిగింది, నాను గుడికెల్లినప్పుడల్లా అడుగుతన్నానే. తప్పు నాదేనేమో. పాణం అడిగేను గాని, వేళ్లడగడం తోచనేదు."

 నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు.

"అడిగినంతే కొలిసిచ్చేది తల్లెలాగవుద్ది అత్తా? ఇప్పుడు జడెయ్యమని నిన్ను నానడిగేనా?"

అత్త జడ చివర గట్టిగా ముడి వేసింది. ఆ తర్వాత నా చెయ్యి చూపించమని ఎవరి ముందూ అడగలేదు. గుడికి వెళ్లడం మాత్రం మానలేదు. నేనూ ఏనాడూ ఆమెతో వెళ్లలేదు.

అత్త పోయి చాలా కాలమైంది. దెబ్బలు పడుతున్నా ఆ ఎడ్లు ఎందుకు కదల్లేదో, అంత దూరాన ఆమె చెయ్యి ఎందుకు తిమ్మిరెక్కిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గు లేదు. తెలియని చోటల్లా దేవుడి పేరు రాసెయ్యమంటే మాత్రం, నేను రాయను.