పదిహేడో నిమిషంలో మూడు చప్పుళ్లు

హాలిఫాక్స్ ఊళ్లో మెథడిస్టు చర్చి వెనక ఒక హాలుంది. దాని పై అంతస్తులో, నెలలో మొదటి శనివారం మధ్యాహ్నం రెండింటికి, పదమూడు మంది కూర్చుని, ఎన్నడూ లేని చోట ఎప్పుడు ఏం జరిగిందో తేలుస్తారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారే, ఆ సోమలింగానికి జాతకం రాసి, పెళ్లి చేసి, మనవల తగాదాలు కూడా తీర్చే రకం వీళ్లు.

‘చివరి దీపం’ అనే టీవీ సీరియల్ అభిమానుల సంఘం అది. నక్షత్రాలన్నీ అయిపోయిన చోట, ఆకాశం అంచున ఒక దీపస్తంభం ఉంటుంది. దారితప్పిన ఓడలకు వెలుగు చూపడానికి అందులో ఒక కాపరి ఉంటాడు. ఆ కాపరి పోతే ఇంకో కాపరి వస్తాడు. కథ ఇంతే. అరవై ఏళ్లుగా వస్తూనే ఉంది. తీసేవాళ్లు మారారు, వేషం కట్టినవాళ్లు పోయారు, మొదటి కాపరి చెప్పిన మాట మూడో కాపరికి గుర్తు లేదు. తీసినవాళ్లకే పట్టని ఈ తేడాలన్నీ ఈ పదమూడు మందికి కావాలి. కందకు లేని దురద కత్తిపీటకెందుకని అడిగే దిక్కు లేదక్కడ.

వీళ్ల దగ్గర నల్ల అట్ట రిజిస్టరు ఒకటుంది. ఏ కథ నిజంగా జరిగింది, ఏది జరగలేదు అన్నది ఏటా నవంబరు సభలో చేతులెత్తి తీర్మానించి అందులో ఎక్కిస్తారు. రిజిస్టరుకెక్కింది జరిగినట్టు, ఎక్కనిది జరగనట్టు. దేవుడు లోకాన్ని చేయడానికి ఆరు రోజులు తీసుకున్నాడు గానీ, వీళ్లు ఒక్కో ఎపిసోడ్‌కు ఆరు నెలలు తీసుకుంటారు.

ఆ తీర్మానాలు రాసేది ఈనిడ్ రష్‌వర్త్. సంఘానికి కార్యదర్శి. డెబ్భై ఏళ్ల మనిషి, బస్సు డిపో క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు వండి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. కార్యదర్శి అంటే పెద్ద హోదా అనుకోకండి. మినిట్స్ రాయాలి, శాండ్‌విచ్‌లు కోయాలి, కింద వంటగదిలో టీ కాచి మెట్లెక్కి తీసుకురావాలి. 1981లో చేరిన రోజు, ఆడమనిషి కదా అని మొదట టీ సంగతి అడిగారు. ఆ తర్వాత ఇంకేమీ అడగలేదు. నలభై మూడేళ్లుగా ఆవిడ అభిప్రాయం ఏమిటో ఆ గదిలో ఎవరికీ తెలియదు. తెలుసుకుని ఉంటే సంఘం ఆ రోజే మూతపడేది.

అధ్యక్షుడు క్లైవ్ ఆర్మరాడ్. మునిసిపాలిటీలో మురుగుకాలవల గుమాస్తాగా చేసి దిగిపోయాడు. కాలవల పటాలు చదివిన కళ్లతోనే ఆకాశాన్నీ చదువుతాడు. ఎవరైనా ఎదురు చెబితే కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ మొదటినుంచి చెబుతాడు. టీ రావడం ఆలస్యమైతే మాత్రం నోరు విప్పడు. చెంచాతో సాసరు మీద కొడతాడు. ఆ టింగుమనే శబ్దానికి ఈనిడ్ లేవాలి. ఆయనకంటే మూడేళ్లు పెద్దదన్న సంగతి ఆ చెంచాకు తెలియదు.

మరి ఇంత చులకనగా చూసేవాళ్ల మధ్యకు ఆవిడ ఎందుకు వస్తోందంటే, ఒక టేపు కోసం.

1966 నవంబరులో ఈనిడ్‌కు పన్నెండేళ్లు. అప్పట్లో టీవీలో వచ్చింది ఒక్కసారే వచ్చేది. చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. అందుకని పిచ్చి ముదిరిన పిల్లలు టేపు యంత్రం మైకును టీవీ ముందు పెట్టి, బొమ్మ దక్కకపోయినా మాటలైనా దాచుకునేవాళ్లు. ఈనిడ్ మేనమామ చర్చి పాటలు పట్టడానికి కొనుక్కున్న యంత్రాన్ని బతిమాలి తెచ్చుకుంది. మైకును పీట మీద నిలబెట్టింది. పంజరంలో చిలక మీద గుడ్డ కప్పింది. అరగంట సేపు నోరు విప్పకూడదని అమ్మకు ఆజ్ఞ వేసింది. పై గదిలో ఉన్న నాన్నకు మాత్రం చెప్పడం మరిచిపోయింది.

నాన్న ఆర్నల్డ్ తివాచీల మిల్లులో పనిచేసి, ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో నింపుకుని వచ్చినవాడు. రెండేళ్లుగా మెట్లు దిగలేదు. కేకేస్తే దగ్గు ముంచుకొస్తుందని మంచం పక్కన చేతికర్ర పెట్టుకునేవాడు. దానితో నేల మీద ఒకసారి తడితే కిటికీ వేయాలి, రెండుసార్లు తడితే మందు కావాలి, మూడుసార్లు తడితే టీ. సీరియల్ మొదలైన పదిహేడో నిమిషంలో మూడుసార్లు తట్టాడు. ఈనిడ్ విన్నది. లేస్తే చెక్కనేల కిర్రుమంటుంది, టేపు పాడవుతుంది. లేవలేదు. అమ్మ ఆమె ముఖం వంక కాసేపు చూసి, తనే చెప్పులీడ్చుకుంటూ మెట్లెక్కింది. మూడు నెలలకు నాన్న పోయాడు. నాన్నది ఒక్క మాటైనా ఎక్కడా పట్టి ఉంచలేదు. మిగిలింది ఆ కర్ర చప్పుడే.

తర్వాత ఆ ఎపిసోడ్‌ను టీవీ వాళ్లే చెరిపేసి, తమ టేపు మీద ఇంకేదో పట్టుకున్నారు. లోకంలో దాని ఆనవాలు ఈనిడ్ దగ్గరున్న శబ్దం ఒక్కటే. సంఘంలో చేరిన రోజు మురిసిపోతూ దాన్ని క్లైవ్ చేతిలో పెట్టింది. వారం తిరిగేసరికి అది ‘ఆర్మరాడ్ టేపు’ అయింది. ఇక తిరిగి ఇవ్వలేదు, నకలూ ఇవ్వలేదు. అడిగితే, నాజూకు వస్తువు, మాటిమాటికీ తిప్పకూడదన్నాడు.

పోనీ పేరు పెట్టుకుని ఊరుకున్నాడా? పదిహేడో నిమిషంలో కాపరి నిద్రపోతుంటాడు. అప్పుడు ఎవరో మూడుసార్లు తలుపు తట్టారు, అంటే దీపస్తంభానికి అవతల, ఏమీ లేని చోట, ఎవరో ఉన్నారని కనిపెట్టాడు. సంఘం పత్రికలో నాలుగు పేజీలు రాశాడు. పదేళ్లకు అది చిన్న పుస్తకమైంది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడికి పన్నెండు మంది తలలూపేవాళ్లు దొరికితే, ఆ కుందేలు మూడు కాళ్లతోనే పరిగెత్తుతుంది.

అది నాన్న కర్ర చప్పుడని మొదట్లోనే చెప్పేసి ఉండవచ్చు. ఒక వారంలో చల్లారిపోతుందనుకుంది ఈనిడ్. పైగా, సిగ్గుపడాల్సిన సంగతే గానీ, కొంచెం బాగుండేది కూడా. మిల్లు నుంచి ఒక్కడూ వచ్చి పలకరించని మనిషి గురించి చదువుకున్నవాళ్లు నాలుగు పేజీలు రాస్తున్నారు. ప్రతి నవంబరు సభలో ఓటుకు ముందు ఆ నిమిషాన్ని వినిపించడం ఆచారమైంది. టేపు తిరుగుతుంది, గోడ గడియారం, చిలక రెక్కల టపటప, మూడు చప్పుళ్లు, మెట్ల మీద అమ్మ చెప్పులు. అందరూ కళ్లు మూసుకుని ఆకాశం అంచు వింటుంటే, ఈనిడ్ తమ ఇల్లు వినేది. ఏడాదికి ఒక్క నిమిషం కోసం నలభై మూడేళ్లు శాండ్‌విచ్‌లు కోసింది. ఆవిడకు వీళ్ల మీద ఎంత ఏవగింపో, ఆ నిమిషం మీద అంత ఆశ.

ఇంతలో కిందటేడు ‘దీపం కింద’ వచ్చింది. పాత సీరియల్ నుంచి పుట్టిన పిల్ల సీరియల్. కాపరి గురించి కాదు. దీపస్తంభం అడుగున వంట చేసే ఆడమనిషి గురించి. అరవై ఏళ్లలో కాపరులందరూ తిన్నారు, ఎవరు వండారని ఒక్కరూ అడగలేదు. ఈనిడ్ మొదటి ఎపిసోడ్ చూసి, వంటామె చేతులు తుడుచుకునే తీరుకు ఏడ్చింది. ఈ సంఘంలో చేరాక మొదటిసారి ఒక కథను ప్రేమించింది.

సంఘంలో సగం మంది మండిపడ్డారు. గిన్నెలు తోమడం సైన్స్ ఫిక్షన్ ఎలా అవుతుందన్నారు. క్లైవ్‌కు అంతకంటే పెద్ద బాధ ఉంది. మూడో ఎపిసోడ్‌లో వంటామె, ముప్పై ఏళ్లలో ఈ తలుపు ఎవరూ తట్టలేదు అంటుంది. ఆ ఒక్క మాటతో ఆయన పుస్తకం చిత్తుకాగితం. కనుక ‘దీపం కింద’ జరగలేదని ఈ నవంబరు సభలో తీర్మానం పెట్టాడు. ఎదురు నిలిచింది రుఖ్సానా మీర్, మందుల షాపులో పనిచేసే ముప్పై ఏళ్ల అమ్మాయి. సంఘంలో ఈనిడ్ కాక ఇంకో ఆడమనిషి ఆమే. చేరిన రోజు టీ సంగతి అడిగితే, నాకు కాఫీ అండీ అని కూర్చున్న పిల్ల.

సభ రోజు క్లైవ్ పాత యంత్రం తేలేదు. కంప్యూటరు తెచ్చాడు. లీడ్స్‌లో ఒక నిపుణుడి చేత టేపు శుభ్రం చేయించానన్నాడు. సోమవారం లండన్‌లో పాత కార్యక్రమాలు దాచే భాండాగారానికి పంపుతున్నాడట. ఇక ఎప్పటికీ ఉంటుందట. మీట నొక్కాడు.

గడియారం లేదు. చిలక లేదు. మబ్బులేని ఆకాశంలా ఒట్టి నిశ్శబ్దం. అందులో మూడు చప్పుళ్లు, ఎన్నడూ లేనంత దగ్గరగా, కర్ర చివర రబ్బరు అరిగిపోయిందని తెలిసేంత స్పష్టంగా. ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు కోసం ఈనిడ్ ఊపిరి బిగబట్టింది. రాలేదు.

“మెట్లేవి?” అంది, తెలియకుండానే పైకి.

“ఏ మెట్లు, తల్లీ?”

“తట్టాక వినిపించేది. చెప్పులు.”

“ఓ, అదా. ఇంటి గోల. మొత్తం తీయించేశాను. కథలో ఉన్నదొక్కటే ఉంచమన్నాను” అన్నాడు క్లైవ్ గర్వంగా.

“పాత టేపు?”

“బూజు పట్టి పొడైపోయింది. పారేశాను. ఇంకా నయం, ముందే మేలుకున్నాను.”

అమ్మను తుడిచేసి, ఇంకా నయం అంటున్నాడు. ఈనిడ్ కలం మూత పెట్టి, మళ్లీ తీసింది. చేతికి ఏదో ఒక పని కావాలి.

రుఖ్సానా లేచింది. మెల్లగానే అడిగింది. “గడియారం ఇంటిదైనప్పుడు, ఈ చప్పుళ్లు మాత్రం ఇంటివి కాకూడదా? ఇందులో వాదనెందుకు, పట్టిన మనిషి ఇక్కడే ఉన్నారుగా. ఆంటీ, మీరు చెప్పండి. ఆ రోజు మీ ఇంట్లో ఎవరైనా తట్టారా?”

పన్నెండు ముఖాలు ఒక్కసారి తిరిగాయి. నలభై మూడేళ్లలో మొదటి ప్రశ్న, అదీ నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నోట. సమాధానం నాలుక మీదే ఉంది. చెబితే క్లైవ్ పుస్తకం ఈ బల్ల మీదే కూలుతుంది, ‘దీపం కింద’ నిలుస్తుంది, ఆ వంటామె జరిగినట్టవుతుంది. ఈ మనుషుల ముఖాలు ఎలా పాలిపోతాయో చూడాలని ఈనిడ్‌కు ఎంత కోరికో. కానీ ముందు క్లైవ్‌ను ఒకటి అడిగింది.

“ఒకవేళ ఇంట్లోదే అనుకో. అప్పుడేం చేస్తావు?”

క్లైవ్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. “చేసేదేముంది? అదీ తీయించేస్తా. చెత్త పెట్టుకుని భాండాగారానికి పంపుతామా? సోమవారం దాకా టైముంది.”

మాటకు కట్టుబడే మనిషే, అందులో అనుమానం లేదు. మురుగుకాలవ పటంలో తప్పు గీత కనిపిస్తే రాత్రికి రాత్రే చెరిపే రకం. ఈనిడ్ ఆ చిన్న కంప్యూటరు వంక చూసింది. అమ్మ పోయింది, చిలక పోయింది, ఇల్లు పోయింది. ఒక మూర్ఖుడు పొరబడ్డాడు కాబట్టి నాన్న మిగిలాడు. ఆ మూర్ఖుడు పొరబడినంత కాలమే మిగులుతాడు.

“మా తలుపు ఎవరూ తట్టలేదు” అంది రుఖ్సానాతో. ఆ అమ్మాయి కళ్లలోకి చూడలేకపోయింది.

చేతులెత్తారు. అటు ఆరు, ఇటు ఆరు. ఇలాంటప్పుడు కార్యదర్శి చివరన ఓటు వేయాలని నియమం. ఇన్నేళ్లలో ఆ అవసరం ఎన్నడూ రాలేదు. ఈనిడ్ చెయ్యి ఎత్తింది, క్లైవ్ వైపు. రుఖ్సానా సంచి సర్దుకోవడం మొదలుపెట్టింది. తిడితే బాగుండుననిపించింది ఈనిడ్‌కు. తనకు నచ్చిన ఒకే ఒక్క కథను, తనలాంటి మనిషి కథను, తన చేత్తోనే కాదనేసింది. రిజిస్టరు ముందుకు లాక్కుని దస్తూరీ చెడకుండా రాసింది: ‘దీపం కింద’ జరగలేదు. పదిహేడో నిమిషంలోని మూడు చప్పుళ్లు జరిగాయి. వాటిని యథాతథంగా, ఎప్పటికీ భద్రపరచాలి. ఏడుగురు అనుకూలం, ఆరుగురు వ్యతిరేకం.

సంతకం కోసం క్లైవ్ ముందుకు జరిపింది. ఆయన చదివి, యథాతథంగా, ఎప్పటికీ అన్న మాటలు బాగున్నాయని మెచ్చుకుని సంతకం చేశాడు. ఎవరి కోసం చేస్తున్నాడో తెలియదు ఆ పెద్దమనిషికి. గెలిచిన ఉత్సాహంలో కుర్చీలో వెనక్కి వాలి, చెంచా తీసి సాసరు మీద కొట్టాడు. టింగ్, టింగ్, టింగ్.

ఈనిడ్ లేవలేదు. ఆ శబ్దం పూర్తిగా ఆగిపోయేదాకా ఆయన ముఖంలోకే చూసింది. కుళ్లిన బంగాళాదుంపను పారేసే ముందు క్యాంటీన్‌లో అలాగే చూసేది.

“నీ కాళ్లు బాగానే ఉన్నాయిగా, క్లైవ్. మెట్లు దిగి నువ్వే పెట్టుకో” అంది.

ఎవరూ నవ్వలేదు. క్లైవ్ ఆమెను, తలుపును, మళ్లీ ఆమెను చూశాడు. తర్వాత లేచి, ఖాళీ కప్పు చేత్తో పట్టుకుని, వంటగది ఎటువైపో అడిగాడు.