పళ్ళెం పట్టిన చేయి

ఈ ఉదయం మా గోడ అవతల ఎవరో పుటుక్కున కొమ్మ విరిచారు. చేతిలో పూలసజ్జ, నోట్లో గోవింద నామం, తుంచింది మాత్రం నా మందారం. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట ఇవాళ్టిది కాదు. యుద్ధం రోజుల్లో, చిత్తూరులో ఒక ఆడపిల్లల బడిలో రాజుకున్నది.

నేనక్కడ కొత్త పంతులమ్మను. మా హెడ్మిస్ట్రెస్ సుగుణమ్మగారు చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకున్న మనిషి, మాట కారం. ఆమె గది కిటికీకి వేలాడే కొబ్బరి చిప్పలో ఒక ఆర్కిడ్ మొక్క ఉండేది. దానికి మట్టి పనికిరాదు, బొగ్గుముక్కలే కావాలి. ఎండ తగిలితే ఆకు మాడుతుంది, నీళ్ళెక్కువైతే వేరు కుళ్ళుతుంది. ఒకసారి ఆవిడ ఊళ్ళో లేనప్పుడు, తులసికి పోసినట్టు నేను రోజూ చెంబెడు నీళ్ళు పోశాను. తిరిగొచ్చి వేళ్ళు తడిమి చూసి నన్ను కడిగేశారు.

"నీ భక్తి కోసరం పోసినావా, దాని దప్పిక సూసి పోసినావా?"

కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, దాన్ని మళ్ళీ బతికించుకున్నారు. మూడేళ్ళకు మొదటి పూగుత్తి వేసింది. ఆ రోజు పాఠం మధ్యలో రెండుసార్లు లేచి వెళ్ళి చూసుకొచ్చారు.

మర్నాడే బడి కమిటీ ప్రెసిడెంటు వచ్చాడు. ఆవిడ తరగతిలో ఉన్నారు. "తిరపతికి పోతా ఉండాను. స్వామికి బాగుంటాయి ఈ పూలు. ఒక పళ్ళెం తేమ్మా," అన్నాడు నాతో. సరస్వతి పటం ముందున్న ఇత్తడి పళ్ళెం పరుగున తెచ్చాను. తప్పని తెలియక కాదు, భయం. ఆయన కాడతో సహా కోశాడు.

అప్పుడే సుగుణమ్మగారు గుమ్మంలోకి వచ్చారు.

"దేవుడికే గదమ్మా," అన్నాడాయన నవ్వుతూ. "మీరెట్లాగూ తల్లో పెట్టుకునేది లేదు."

"మూడేండ్లు సాకినాను. ఒక్క మాట అడిగింటే స్వామికి నేనే ఇచ్చుందును. దొంగపూలు ఆయనకెందుకప్పా?" అన్నారావిడ, గొంతు పెంచకుండానే.

ఆయన మొహం మాడ్చుకుని, పళ్ళెంతో సహా వెళ్ళిపోయాడు. ఆవిడ నా వైపు తిరిగారు. "ఆయప్ప కోసినాడు, సరే. పళ్ళెం పట్టింది నువ్వు."

నెల తిరక్కుండా ఆవిడను ఉద్యోగంలోంచి తీసేశారు. పెద్దల పట్ల అమర్యాదట. తలచుకుంటే ఇప్పటికీ పళ్ళు పటపటలాడతాయి. పంతులమ్మలం అంతమందిమి ఉండి, ఒక్కరమూ నోరు విప్పలేదు. వెళ్ళేరోజు ఆ కొబ్బరి చిప్ప నా చేతిలో పెట్టి, "వేరు ఎండి తెల్లబడితేనే నీళ్ళు సల్లు," అన్నారు. క్షమించానని అనలేదు.

ఆ మొక్క పిలకే ఇప్పుడు మా కిటికీలో ఉంది. ఈ ఉదయం గోడ దగ్గరికి వెళ్ళి ఆ సజ్జ పట్టుకుని ఆపాను. "దేవుడికే గదమ్మా," అన్నాడు పెద్దమనిషి. "అడిగి కోయండి," అన్నాను. గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. గెలిచినట్టేమీ అనిపించలేదు. ఈ మాట అనాల్సిన రోజు నేను పళ్ళెం కోసం పరుగెత్తాను.